డ మీద గుడి

జిగురక్క బస్సెక్కితే పక్క సీటువాళ్ళు కాస్త జరిగి కూర్చుంటారు. ఆవిడ వేళ్ళ కొసల మీద ఎప్పుడూ ఒక తెల్లటి పొర ఊడుతూ ఉంటుంది. దాన్ని గోటితో లాగి, చిన్న చిన్న ఉండలు చేసి, పర్సులో వేసుకుంటుంది. చూసినవాళ్ళకి అదేదో చర్మరోగం అనిపిస్తుంది. రోగం కాదు, పాడూ కాదు, ఎండిన జిగురు. మనసు కుదురుగా ఉన్నరోజు పని కాగానే చేతులు కడుక్కుంటుంది. కంగారు పడ్డరోజు కడుక్కోకుండా కూర్చుని ఒలుచుకుంటుంది. గోడకి ఇవతల కుట్టుమిషన్ పెట్టుకున్నదాన్ని కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

చేత్తో కార్డులు చెయ్యడం ఆవిడ పని. పుట్టినరోజువి, పెళ్ళివి, పిల్ల పుట్టిందని చెప్పేవి, అలిగిన స్నేహితురాలికి పంపేవి. వెనకటికి ఒక ప్రెస్సులో పుస్తకాలు కుట్టే చోట పనిచేసేదట. ప్రెస్సు మూతపడ్డాక మిగిలినవాళ్ళు తలో దారి పట్టారు. ఈవిడ మాత్రం మడతలు నొక్కే చెక్కబద్ద ఒకటి సంచిలో వేసుకుని ఇంటికొచ్చి, పాత తలుపొకటి నాలుగు డబ్బాల మీద పెట్టి, దాన్నే బల్ల అంది. ఇప్పటికీ అదే బల్ల. తలుపు గడియ కూడా అలాగే ఉంది, రిబ్బన్ చుట్టలు దానికే తగిలిస్తుంది.

నా దగ్గర లేసు ముక్కలు, జత తప్పిన గుండీలు, పట్టుబట్ట కత్తిరింపులు ఏరుకుపోతుంది. నాకు ఊడ్చుకునే పని తప్పింది కదా అని ఊరుకుంటాను. బదులుగా పాఠాలు చెబుతుంది, నేను అడక్కపోయినా. బట్టకి నిలువు పోగు, అడ్డపోగు ఉన్నట్టే కాగితానికీ ఉంటుందట. దళసరి కాగితాన్ని రెండు వైపులా వంచి చూస్తే ఏ వైపు తేలిగ్గా వంగుతుందో అటే మడవాలి, లేకపోతే మడత దగ్గర పగిలి తెల్లగా నవ్వుతుందట. మడిచే ముందు సిరా అయిపోయిన పెన్నుతో గీత గీసుకోవాలి. ఒక రంగు కాగితం ఎంత కావాలో అంతా ఒకేసారి, ఒకే కట్టలోంచి కొనాలి, మళ్ళీ కొనడానికి వెళితే ఆ రంగు ఆ రంగులా ఉండదు. కాగితాన్ని నిలబెట్టి దాస్తే నడుం వంగుతుంది, పడుకోబెట్టాలి. ఇవన్నీ ఆవిడ చెప్పే తీరు చూస్తే కాగితాన్ని కాదు, బాలింతని చూసుకుంటోందేమో అనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త మనిషికి మాట పట్టింపు కూడా అంతే ఎక్కువ. భర్త అక్కగారితో, అంటే వదినతో, మాటలు పోయింది ఒక్క మాట దగ్గర. వాళ్ళు కొత్త ఇంట్లో చేరుతున్నప్పుడు వదిన తమ్ముడికి ఫోన్ చేసి, "ఆదివారం చేరుతున్నాంరా. పొద్దున్నే రా," అంది. పక్కనే కూర్చుని ఈవిడ విన్నది.

"రా అంటే ఎవర్ని?" అంది జిగురక్క.

"నన్నే," అన్నాడాయన.

"అదే నేనూ అంటున్నా. మిమ్మల్నే."

"మా అక్క నన్ను రా అనక రండి అంటుందా?"

"మీరిద్దరూ రండి అనడానికి ఆవిడ నోరేమన్నా పడిపోయిందా?"

ఆయన ఒక్కడే వెళ్ళి, దానికి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చాడు. వదిన చిన్నపిల్లా ఏమిటి, అర్థం కాకపోవడానికి? అప్పట్నుంచి ఉప్పూ నిప్పూ. మధ్యలో వదిన భర్త పోయాడు. ఇద్దరూ వెళ్ళారు. ఏడుపుల మధ్య ఎవరి పట్టింపు ఎవరు అడుగుతారు? ఈవిడ ఒక మూల కూర్చుని వచ్చేసింది. పలకరిద్దామని నోటిదాకా వచ్చిందనీ, ఆ మనిషి ముఖం చూసి రాలేదనీ నాతో చాలాసార్లు చెప్పుకుంది. ఆ బాధ ఆవిడకి అలాగే ఉండిపోయింది.

అలాంటి వదిన ఒకరోజు మా మెట్లెక్కి వచ్చింది. రొప్పుతూ, కుర్చీ ఇస్తే కూర్చోకుండా, "ఏమ్మా, పిల్లకి పెళ్ళి కుదిరింది. కార్డులు నువ్వే చెయ్యాలి," అంది.

జిగురక్క కంగారుగా నమూనాలన్నీ బల్ల మీద పరిచింది. వదిన ఒక్కటీ చూడలేదు. "ఇవేం వద్దు. పైన పెద్దగా రండి అని ఉండాలి. ఆ ఒక్క మాటే. మిగతావన్నీ లోపల రాయి," అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

నేను కుడుతున్న జాకెట్టు వదిలేసి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. జిగురక్క నావైపు తిరిగింది. "విన్నావుటే? రండి అట. నాకే చెబుతున్నట్టు లేదూ?"

"ఊరందరికీ చెబుతోందక్కా. పెళ్ళికార్డు అది," అన్నాను.

ఏమన్నా ఎక్కితేగా! ఆ రోజునుంచి ఆవిడకి వేరే లోకం లేదు. మీగడరంగు దళసరి కాగితం, దాని మీద ముదురు ఎరుపు అట్ట, ఎరుపు మీద మెరిసే బంగారు కాగితంతో కత్తిరించిన అక్షరాలు. బంగారు కాగితం వెనక్కి తిప్పి, అక్షరాల్ని తిరగేసి గీసి, సన్న బ్లేడుతో కోసేది. అలా అయితే పెన్సిలు మరక ముందుకి కనపడదు. ర వచ్చింది, సున్న వచ్చింది. డి దగ్గరే వచ్చింది తంటా. గుడితో కలిపి కోస్తుంటే మెడ దగ్గర చిరిగిపోతోంది. అందుకని డ ఒళ్ళు వేరే, గుడి వేరే కోసి, విడిగా అతికించింది. గుడి అంటే దేవుడి గుడి కాదండీ, అక్షరం నెత్తిన చుట్టే గుడి. చిటికెన వేలి గోరంత ముక్క.

మెరుపు కాగితం వెనక నున్నగా ఉంటుంది. జిగురు దాన్ని పట్టుకోదు. గరుకు కాగితంతో వెనక వైపు గీకి, అప్పుడు జిగురు రాసి, బరువు కింద ఒక పూట ఉంచాలి. ఈ సూత్రం నాకే కంఠతా వచ్చేలా చెప్పిన మనిషి ఆవిడ.

కార్డులు పెట్టెలో సర్దుకుని భర్త స్కూటరు మీద పట్టుకెళ్ళి అక్కగారికి ఇచ్చి వచ్చాడు. ఆ తరవాతి పొద్దున నేను మిషన్‌కి నూనె వేసుకుంటుంటే జిగురక్క చేట పట్టుకుని వచ్చింది. చేటలో కాగితపు తుక్కు, దాని మీద ఒక బంగారు గుడి.

"కోసినవాటిల్లో మిగిలిందేమో," అన్నాను.

గుడిని వెనక్కి తిప్పి చూపించింది. వెనక జిగురు పొర ఎండి, పలచగా మెరుస్తోంది. "ఒకసారి అతికించిందే ఇది. ఊడి పడింది," అంది. "పెద్ద అక్షరాలన్నిటికీ వెనక గీకాను. దీనికి గీకలేదు. ఇంత ముక్కకి ఏం గీకుతాంలే అనుకున్నా. దేనికీ గీకలేదే."

నాకు ముందు నవ్వొచ్చింది. గోరంత ముక్కకి ఇంత గోలా అనుకున్నాను. తరవాత మనసులో ఆ మాటలోంచి గుడి తీసేసి చదివాను. నూనె డబ్బా కింద పెట్టేశాను.

రండి మీద గుడి పోతే మిగిలేది తిట్టు. భర్త పోయిన ఆడదాన్ని పట్టుకుని అనే తిట్టు. నా నోరు అంత మంచిదేం కాదు, మిషన్ దారం తెగితే నేనూ నాలుగు అంటాను. అయినా ఆ మాట ఇక్కడ రాయను, మీరే చదువుకోండి. వదిన భర్త పోయిన మనిషి. కూతురి పెళ్ళి ఒంటి చేతి మీద చేస్తున్న మనిషి. ఏళ్ళ తరబడి మాట్లాడని మరదలి గుమ్మానికి తనంతట తాను వచ్చిన మనిషి. ఆవిడ చేతికి ఈ మరదలు ఇచ్చిన కార్డు మీద, పెద్ద పెద్ద బంగారు అక్షరాలతో ఆ మాట!

"ఫోన్ చేసి చెప్పెయ్యి అక్కా. గుడి ఊడింది, చూసుకోండి అని," అన్నాను.

"ఏమని చెప్పను? అన్నీ బాగుంటే? చూడనిదాన్ని నేనే చూపించినట్టవదూ? ఆ మాట నేనే ఆవిడ చెవిలో ఊదినట్టవదూ?"

అదీ నిజమే. చెప్పకపోతే ఒక భయం, చెబితే ఇంకో భయం. జిగురక్క మిగిలిన అట్ట మీద, వెనక గీకకుండానే, ఒక గుడి అతికించి కిటికీలో ఎండకి పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఒక చివర లేచి నిలబడింది. అంటే పెట్టెలోవన్నీ ఇవాళో రేపో ఊడేవే. ఎవరింట్లో, ఎవరి చేతిలో ఊడతాయో దేవుడికెరుక. ఆ పూట ఆవిడకి ముద్ద దిగలేదు. వేళ్ళ మీద జిగురు పొర అంతా ఒలిచేసి, ఇంక ఒలవడానికి ఏమీ లేక, చర్మం గిల్లుకుంటోంది.

మూడు రోజులకి, చివరికి నా పోరు పడలేక ఫోన్ చేసింది. నేను పక్కనే నిలబడ్డాను. అవతల వదిన "ఊఁ" అనగానే ఈవిడ ధైర్యం కాస్తా ఎగిరిపోయింది. "పెళ్ళి పనులు ఎలా అవుతున్నాయి వదినా?" అంది.

"అవుతున్నాయి."

"కార్డులు... పంచేశారా?"

"పంచేశాను," అని వదిన పెట్టేసింది.

"చూశావా, ఎలా అందో! ఆవిడకి తెలిసిపోయింది," అంది జిగురక్క.

"పనుల్లో ఉండి ఉంటుంది," అన్నాను. కానీ ఆ గొంతు నేనూ విన్నాను. పనుల్లో ఉన్న మనిషి గొంతులా లేదు.

మా వీధి చివర కరెంటాయన ఉన్నాడు. పెళ్ళివారింటి వైరింగు ఆయనే చేస్తున్నాడు, కార్డు ఆయనకీ అంది ఉంటుంది. ఆ ఆలోచన రాగానే జిగురక్క చెప్పులు వేసుకుని పరుగు. నేను టేపు మెడలో వేసుకునే వెనకాల పడ్డాను. కార్డు ఆయన కొట్లో మీటరు బోర్డుకి ఆనించి ఉంది. రండి, గుడితో సహా, దర్జాగా. నేను ఊపిరి పీల్చుకునే లోపల ఈవిడ గోటితో ఆ గుడిని లాగింది. చేతిలోకి వచ్చేసింది.

"అమ్మా! పెళ్ళికార్డు పీకుతారేంటి?" అని కరెంటాయన స్టూలు మీంచి కేకేశాడు.

"పీకట్లేదయ్యా, బాగుచేస్తున్నా."

"బాగున్నదాన్ని పీకి బాగుచేస్తారా?"

జిగురక్క అక్కడే నిలబడి, సంచిలోంచి గరుకు కాగితం, జిగురు ట్యూబు తీసి, గుడి వెనక గీకి, రాసి, అతికించి, ఆయన కటింగ్ ప్లేయరు బరువు పెట్టింది. ఆయన నావైపు చూసి కణత దగ్గర వేలు తిప్పాడు. ఇంకోరోజైతే ఆయనకి నా చేతిలో అయ్యేది. ఆ రోజు మాత్రం నాకూ అదే అనుమానంగా ఉంది.

కొట్టు బయటికి వచ్చాక జిగురక్క అంది. "ఇలా ఎన్ని ఇళ్ళకి తిరుగుతాను? ఆవిడ దగ్గరికే వెళతాను. తిడితే తిట్టనీ." తరవాత నా చెయ్యి పట్టుకుంది. "నువ్వూ రావే." జాకెట్లవాళ్ళు ఎవరొచ్చి అరుస్తారో అనుకుంటూనే బస్సెక్కాను.

వదినగారింట్లో రంగులు వేస్తున్నారు. మంచాలన్నీ గది మధ్యకి లాగి పాత దుప్పట్లు కప్పారు. నిచ్చెన మీద ఒకడు గోడ గీకుతున్నాడు, పెళ్ళికూతురు ఫోన్‌లో ఎవరితోనో చీర రంగు గురించి వాదిస్తోంది. వదిన తలుపు తీసి, మమ్మల్ని చూసి, రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. పక్కకి తప్పుకుంది. మేం లోపలి గదిలోకి వెళ్ళాక తలుపు దగ్గరికి వేసింది.

జిగురక్క నోరు తెరిచేలోపల వదిన బీరువా తీసింది. మడతపెట్టిన దుప్పట్ల అడుగునుంచి ఒక కార్డు లాగి మంచం మీద పెట్టింది.

గుడి లేదు. ఎరుపు మీద మిగిలిన మూడు బంగారు ముక్కలు, ఆ మాట.

"పెట్టె తెరిచి పైది తీశాను," అంది వదిన. "మొదటి కార్డు మీ ఇద్దరికే రాద్దామని. పేర్లు రాయబోతూ చూశాను."

జిగురక్క చెయ్యి పర్సు మీదికి వెళ్ళింది.

"మిగతావన్నీ ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నిటికీ గుడి ఉంది. నా చేతికి మొదట వచ్చిందానికే లేదు. ఇంకేమనుకోమంటావు? నువ్వు కావాలనే చేశావనుకున్నా. నేను రండి అనలేదని అప్పుడు అలిగావు కదా, ఇప్పుడు నేను రండి అంటే, ఇదిగో నువ్వు ఇదీ అని నా మొహాన కొట్టావనుకున్నా."

"వదినా! నేను... అలాంటి మాట..." జిగురక్క మంచం పట్టె పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. నాకు ఆ క్షణంలో వదిన మీద ఒళ్ళు మండింది. ఇన్ని రోజులు దుప్పట్ల కింద దాచుకుని కూర్చునే బదులు ఒక్క ఫోన్ చెయ్యకూడదా?

ఆ మాటే అడిగేశాను. "అలా అనుకున్నప్పుడు ఫోన్ చేసి కడిగెయ్యొచ్చు కదండీ?"

వదిన నావైపు చూడలేదు, మరదలివైపే చూసింది. "అడిగితే అవునంటుందేమోనని భయమేసింది," అంది.

ఒకావిడ ఈ ఇంట్లో, ఒకావిడ ఆ ఇంట్లో, ఫోన్లు పక్కన పెట్టుకుని, ఒకే గుడి గురించి చస్తూ కూర్చున్నారు.

జిగురక్క పర్సు తెరిచింది. జిగురు ఉండల మధ్య చిన్న మూత డబ్బా, అందులో గుడి. తిరగేసి అరచేతిలో పెట్టి చూపించింది. "ఇదిగో వదినా. మా బల్ల కింద దొరికింది. జిగురు రాశాను, చూడండి. వెనక గీకలేదు. చిన్నదని గీకలేదు, అంతే. దీని మీద ఒట్టు, మీ మీద ఒట్టు, అంతే వదినా."

వదిన కళ్ళజోడు పెట్టుకుని ఆ గోరంత ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి చూసింది. జిగురు పొరని గోటితో తడిమింది. తిరిగొచ్చి మంచం మీద కూలబడింది. "అతికించు," అంది.

జిగురక్క గరుకు కాగితం కోసం సంచి అంతా వెతికింది. కంగారులో కరెంటాయన కొట్లోనే వదిలేసి వచ్చింది. వదిన వంటింట్లోకి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చింది. పుల్ల గీసే పక్క మీద గుడి వెనక వైపు నాలుగుసార్లు రాస్తే చాలింది. జిగురు చుక్క పెట్టి, డ నెత్తిన కూర్చోబెట్టి, "బరువు కావాలి," అంది జిగురక్క. వదిన తన అరచెయ్యి దాని మీద పెట్టి నొక్కింది.

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

"కొత్తింట్లో చేరేప్పుడు ఫోన్‌లో రండి అని నోటికి రాలేదమ్మా," అంది వదిన, చెయ్యి తియ్యకుండా. "ఆయన పోయినప్పుడు నువ్వొచ్చి మూల కూర్చున్నావు, అప్పుడూ రాలేదు. ఇంక నోటితో నావల్ల కాదని, నీ చేత్తోనే రాయించాను."

జిగురక్క ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. బరువు కోసమే వేసిందంటే నేను నమ్మను.

కానీ భయం ఇంకా పూర్తిగా పోలేదు. మిగతా కార్డులన్నీ జనం చేతుల్లో ఉన్నాయి, గుడులన్నీ ఊడే గుడులే. ఆ సంగతి చెబితే వదిన కళ్ళజోడు సర్దుకుంది. "ఊడితే ఊడనీ. ఆ మాట వాళ్ళు చదివేలోపల నేను నోటితో చెప్పేస్తాను," అని రెండో చేత్తో ఫోన్ అందుకుంది. మొదలుపెట్టింది. కార్డు అందిందా, అక్షరం ఊడితే ఏమనుకోకండి, తప్పకుండా రండి. పిన్నిగారికి, పాలాయనకి, పెళ్ళికొడుకు మేనమామకి, అందరికీ. కొన్నిటికి జిగురక్క చేసింది. రంగులవాడు నిచ్చెన దిగి వచ్చి, ఏమైందమ్మా అని తొంగి చూసి వెళ్ళాడు. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే ఇద్దరి మొహాలూ మళ్ళీ పాలిపోయేవి.

చివర్న వదిన తమ్ముడికి చేసింది. "ఏరా, నీ కార్డు మీ ఆవిడ చేతికి ఇస్తున్నా. పెళ్ళికి రా..." అంది అలవాటుగా, ఆగిపోయింది.

జిగురక్క తల ఎత్తలేదు. గోళ్ళు వేళ్ళ కొసలకి వెళ్ళాయి.

"మీరిద్దరూ రండి," అంది వదిన.

ఫోన్‌లోంచి ఆయన గొంతు మా ముగ్గురికీ వినపడింది. "అదేంటక్కా, నన్ను రండి అంటున్నావు? ఒంట్లో బాగుందా?"

జిగురక్క పొంగుకొచ్చిన నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి చూస్తే ఏడుస్తోంది. వదిన అరచెయ్యి ఎత్తి చూసింది. గుడి కదల్లేదు. దాన్ని ఎవ్వరం గోటితో లాగి చూడలేదు.